పాఠకులు రావడానికి ముకేశ్ చెప్పిన పద్ధతులు

ఆరేళ్ళుగా నేను తెలుగులో బ్లాగు రాస్తున్నాను. పాఠకులు పదకొండు మంది. అందులో ముగ్గురు అనంతపురం వైపు వాళ్ళు. ఒకాయన గుంటూరులో రిటైరైన తహసీల్దారు. ఒకావిడ దుబాయిలో ఉంటుంది. ఇంకో నలుగురు ఎవరో తెలియదు. మిగిలిన రెండింటిలో ఒకటి అంగట్లో కంప్యూటరు, రెండోది మా ఆవిడ ఫోను. ఆ రెంటిలోనూ తెరిచేది నేనే.

తిరుత్తణి కొండ కింద పట్టుచీరల అంగట్లో చీరలు పరిచి చూపించడం నా పని. ఎనిమిదితో బడి మానేసినవాడికి ఇంతకన్నా ఏమిస్తారు? చిత్తూరు, నగరి, పుత్తూరు నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన జనం కొండ దిగి మా అంగడికొస్తారు. నాతో తెలుగులో బేరమాడతారు. "అరవదేశంలో ఉండి ఇంత తెలుగు మాట్లాడతావే" అని మెచ్చుకుంటారు. నలభై చీరలు విప్పించి, పక్క అంగట్లో కొనుక్కుని బస్సెక్కుతారు. ఆ నలభై చీరలూ మళ్ళీ మడత పెట్టేటప్పుడే నాకు మాటలు పుట్టుకొస్తాయి. సాయంత్రం ఇంటికెళ్ళి వాటిని రాస్తాను. నాకు కావలసింది ఒక్కటే, చదివేవాళ్ళు. డబ్బు వద్దు, దండ వద్దు, శాలువా వద్దు. శాలువాలు మా అంగట్లోనే రెండు బీరువాల నిండా ఉన్నాయి.

మా ఊరు తిరుత్తణికి ఎనిమిది మైళ్ళు. నేతగాళ్ళ ఊరు. ఇంటింటా తెలుగే. తిట్టుకునేది తెలుగు, కలలో పలవరించేది తెలుగు. కానీ అక్షరాల దగ్గరికి వస్తే తమిళం. పెద్దవాళ్ళకు ఏ అక్షరమూ రాదు, పిల్లలకు తెలుగు అక్షరం రాదు. బడిలో తెలుగు సెక్షను ఉన్న కాలం నాతోనే అయిపోయింది. అంటే మా ఊళ్ళో నేను రాసింది చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. చదివేవాడు లేని చోట రాయడంలో ఒక సుఖం ఉంది. ఎవరి గురించైనా రాయొచ్చు. రాశాను. మా ఊరి గుణ తన పెళ్ళాన్ని పుట్టింటికి పంపి మళ్ళీ కాళ్ళు పట్టుకుని తెచ్చుకున్న వైనం రాశాను. మా వీధి సంఘం ఎన్నికలు రాశాను. మా ఇంటి పులుసు మీద కూడా రాశాను. లింకును తప్పకుండా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వేసేవాణ్ణి. రెండు వందల పన్నెండు మంది ఉన్న గ్రూపు. ఆరేళ్ళలో ఒక్కరూ తెరవలేదు.

అప్పుడే అంగట్లో ఎవరో పంచిపెట్టిన కాగితం మీద చూశాను. తిరువళ్ళూరులో ఆదివారం ఒక్కరోజు తరగతి. బ్లాగుకు పాఠకులను రప్పించడం ఎట్లా.

స్టేషను దగ్గర బేకరీ మీద మేడలో ట్యూషన్ సెంటరు. కింద నుంచి నెయ్యి బిస్కెట్ల వాసన వస్తోంది. పద్నాలుగు మందిమి చిన్నపిల్లల బెంచీలలో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాం. వంటల బ్లాగు రాసే ఆడవాళ్ళు ఎక్కువ. ఒక జోస్యుడు. చెప్పేవాడి పేరు ముకేశ్, తిరునిన్రవూరు పిల్లవాడు, ఇరవై ఏడేళ్ళు ఉంటాయేమో. వాళ్ళ ఇంట్లోనూ తెలుగే, అక్షరం మాత్రం రాదు. ఇంజనీరింగు చదివాడు. చదువుకున్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. వాళ్ళకు రాని దాన్ని కూడా పాఠంగా చెప్పగలరు.

"సార్, హెడ్డింగు చూస్తానే జనం లోపలికి రావాల. మీ పోయిన పోస్టు హెడ్డింగు ఏంది?"

"'మాఘమాసపు మంచులో మగ్గపు గుంట'."

"యార్ సార్ వరువాంగ?" అని తమిళంలోకి వెళ్ళిపోయాడు. ఎవరొస్తారు సార్ అని. వంటల ఆడవాళ్ళు నవ్వారు.

వాడు చెప్పినవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. వారంలో ఒకే రోజున, ఒకే వేళకు పోస్టు వెయ్యాలి, చదివేవాడికి అలవాటవుతుంది. మొదటి రెండు వాక్యాల్లోనే పట్టెయ్యాలి, మంచు గురించి తర్వాత చూసుకోవచ్చు. పేరా మూడు వాక్యాలకు మించితే ఫోనులో గోడలా కనిపిస్తుంది, ఎవరూ ఎక్కరు. ఫోటో ఒకటి ఉండాలి, అందులో మనిషి ఉండాలి. చివర ఏదో ఒకటి అడగాలి, 'మీ ఇంట్లో ఎట్లా?' అని. కామెంటు పెట్టినవాడికి ఆ రోజే జవాబివ్వాలి. ఇవన్నీ మంచి మాటలే. ఒక్కటీ తప్పు కాదు. అదే నా బాధ.

"ఇప్పుడు ఎవురికీ చదివే టైము లేదు సార్. అందుకని ఇది పెట్టండి" అని చెవి బొమ్మ ఒకటి చూపించాడు. దాన్ని నొక్కితే ఫోనే పోస్టంతా చదివి వినిపిస్తుంది. తెలుగులో కూడా. నా ఫోనులో వాడే అమర్చి ఇచ్చాడు, పాత పోస్టులన్నిటికీ కలిపి.

చివరిది 'మీ గురించి' అనే పేజీ. "జనం రాతను చదవరు సార్, రాసేవాణ్ణి చదవతారు. మీ కష్టం జెప్పాల. మీరు యాడదాకా చదివినారు?"

"ఎనిమిది."

వాడి మొహం వెలిగిపోయింది. నా చదువు విని ఒకడి మొహం వెలగడం అదే మొదలు. "గోల్డు సార్ ఇది! ఎనిమిదో క్లాసు, నేతగాడు, తెలుగు రైటరు! ఎవురు నిలిపేసినారు మిమ్మల్ని?"

తరగతి అంతా నా వైపు తిరిగింది. జోస్యుడు కూడా. "మా అక్క" అన్నాను.

ఆ మాట కోసం వెతుక్కోలేదు. ముప్పై ఏళ్ళుగా నోట్లో సిద్ధంగా ఉన్న మాటే. మా ఆవిడకు పెళ్ళైన కొత్తలో చెప్పాను, అంగట్లో ఓనరుకు చెప్పాను. చెప్పగా చెప్పగా దానికి బలం వచ్చింది.

"అయ్యో, పావం సార్" అంది ముందు బెంచీలో పులిహోర బ్లాగు ఆవిడ. కళ్ళు తుడుచుకుంది. అర్ధగంట ముందు నా మగ్గపు గుంటకు నవ్విన మనిషి.

ఇంటికొచ్చి రాశాను. పేరు 'నా బడిని తినేసిన అక్క'. పేరాకు మూడు వాక్యాలు. అమ్మ పోయిన ఇంట్లో పన్నెండేళ్ళు పెద్దదైన కుప్పమ్మక్క, ఎనిమిదో తరగతి చదివే తమ్ముడి చేతిలోంచి పుస్తకం లాక్కుని రాట్నం ముందు కూర్చోబెట్టిన కథ. దారం కండెలు చుట్టి చుట్టి వేళ్ళు కోసుకుపోయిన పిల్లవాడు, కిటికీలోంచి బడి గంట వింటాడు. మా ఇంటికి కిటికీ లేదు. అయినా పెట్టాను, గంట వినిపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఫోటోకు అక్క మగ్గంలో కూర్చున్నప్పుడు వెనక నుంచి తీసింది ఒకటి ఉంటే వేశాను. చివర 'మీ బడిని ఎవరు తిన్నారు?' అని అడిగాను. సోమవారం పొద్దున ఎనిమిదికి వేసి, అలవాటు ప్రకారం లింకును గ్రూపులో పడేశాను.

సాయంత్రానికి నలభై మంది. మంగళవారం మూడు వందలు. బుధవారం పందొమ్మిది వందలు.

అంగట్లో గద్వాల చీర అడిగితే ధర్మవరం తీశాను. అంతా ఆంధ్రా వాళ్ళే అనుకున్నాను. గుంటూరు తహసీల్దారు నలుగురికి చెప్పి ఉంటాడు, వాళ్ళు నాలుగు జిల్లాలకు చెప్పి ఉంటారు. కామెంట్లకు ఆ రోజే జవాబులిచ్చాను. కామెంట్లన్నీ తమిళంలో ఉన్నాయి. 'సూపర్ అన్నా', 'ఇంకా రాయి మామా' అని. ఆంధ్రాలో ఉన్నవాడు నన్ను మామా అని తమిళంలో ఎందుకు పిలుస్తాడో ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. పందొమ్మిది వందల మంది ఉన్నవాడికి ఆలోచించే తీరిక ఉండదు.

గురువారం సాయంత్రం మా ఊళ్ళో బస్సు దిగాను. టీకొట్టు దగ్గర ఎవరో ఆడమనిషి నా వాక్యం చెబుతోంది. రైల్వే స్టేషనులో బండి ఆలస్యమని చెప్పే గొంతు ఉంటుందే, అట్లాంటిది. "మా అక్క. నా చేతిలోంచి పుస్తకం. లాక్కుంది." అని ఎక్కడ పడితే అక్కడ ఆగుతూ చదువుతోంది. బల్ల మీద ఫోను, చుట్టూ ఆరేడు మంది. నడుమ గోపాలన్. నాతోపాటు తెలుగు సెక్షనులో చదివినవాడే, వరసకు బావ. తర్వాత తమిళంలో పడి కరెంటాఫీసులో ఉద్యోగం తెచ్చుకున్నాడు. వాడితో నేను ఎక్కువ మాట్లాడను.

"రా బావా, రా! నీదే ఇంటాండాము."

"ఏంది ఇది?"

"నీ బ్లాగే. చెవి బొమ్మ నొక్కితే ఈయమ్మ చదవతాది. ఆరేండ్లుగా నువ్వు పంపిస్తాండావు, ఏందో జాంగ్రీలు పేర్చినట్ల ఉండాదే అనుకుని తోసేస్తాంటిమి. నాకే అక్షరాలు మరిచిపోయె, ఇంగ వీళ్ళకేం తెలస్తాది? ఇప్పుడు గదా తెలిసింది నువ్వెంత పని చేసినావో."

"పాతవి గూడా ఇన్నారా?"

"రెండేండ్లవి అయినాయి. ఊరంతా పని లేకుండా ఇదే పని. గుణ నిన్ను వెతకతాండాడు, కొంచేపు ఆ పక్క పోవద్దు. వాని సంసారం మీద నాలుగు పోస్టులు వేసినావంటనే! నా గురించి మాత్రం ఒక్క లైను. 'కరెంటాఫీసు గోపాలన్ గొడుగు లేకుండా బయటికి రాడు' అని. నేనేం అంత పనికిరానోణ్ణా బావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పళ్ళతో.

"అక్క కత మాత్రం బాగుండాది" అన్నాడు గోపాలన్, గొంతు తగ్గించి. "అయితే ఆరో క్లాసు సంగతి విడిచిపెట్టినావే. మనం నలుగురం గదా? నేను గూడా ఆ బెంచీలోనే పోయి కూర్చుంటి."

బస్సు శబ్దంలో నాకు వినిపించలేదు. బస్సు వెళ్ళిపోయి అప్పటికి ఐదు నిమిషాలైంది.

ఇంట్లో మా ఆవిడ తంగమ్మ నీళ్ళు కూడా ఇవ్వలేదు. "వదిన ఇనింది" అంది.

"ఎప్పుడు?"

"మద్దేన్నం. కోడలు జ్యోతిక ఫోనులో పెట్టింది. కడదాకా ఇనింది."

"ఏమనింది?"

"ఏమీ అనలే. సంగటి తినేసి మళ్ళా మగ్గంలోకి దిగింది."

"ఏడ్చిందా?"

"ఏడిస్తే అదీ రాసుకుంటావు గదా, అందుకే అడగతాండావు. ఏడవలే, పో." కొంగు దోపుకుంది. "మన ఇంటి పులుసు గూడా నీ బతుకు మాదిరే పలచన అంట గదా? రేపట్నుంచి నువ్వే చేసుకో. చిక్కంగా చేసుకో."

అప్పుడే తీసేసి ఉండాలి. ఫోను తీసి, తీసెయ్యమనే మీట మీద వేలు పెట్టాను. దాని పక్కనే అంకె ఉంది. నాలుగు వేల రెండు వందల పద్నాలుగు. పదకొండు మందితో ఆరేళ్ళు గడిపినవాడికి ఆ అంకె ఏమిటో పుట్టుకతోనే పాఠకులున్నవాళ్ళకు అర్థం కాదు. వేలు తీసుకున్నాను.

పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాను. ఊళ్ళో అందరూ మరమగ్గాలకు మారిపోయినా అక్క మాత్రం గుంట మగ్గం వదల్లేదు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని, అరవై ఆరేళ్ళ మనిషి, చీర అంచు మీద వంగి ఉంది. నన్ను చూసి పని ఆపలేదు.

"కూర్చో. కాఫీ తాగినావా?"

"తాగినా."

"తంగమ్మ పొయ్యలేదంట గదా. జ్యోతికా, మామకు కాఫీ తెచ్చియ్యి."

కాఫీ వచ్చింది. పోగును మోసే నాడె అటూ ఇటూ పోతోంది. అంచు సరిచేస్తూ అక్క అంది. "ఆ కత ఇనినా."

"అదీ... అక్కా, అది కత. కతలో కొంచెం మార్చి రాస్తారు."

"ఊరి పేరు మార్చలే. నా పేరు మార్చలే. ఫోటోలో నా ఈపు గూడా మార్చలే. ఏంది మార్చినావు?"

దీనికి ముకేశ్ తరగతిలో జవాబు చెప్పలేదు. "తీసేస్తాను" అన్నాను. నోరు అంది. వేలు అనలేదు.

"ఇప్పుడు తీస్తే ఏమయితాది? నాలుగు వేల మంది ఇనేసినారంట. వాళ్ళ చెవుల్లోంచి తీస్తావా? వద్దు, ఉండనీ. నేను జెప్పేది గూడా రాయి. అదే చోట, అంతే పెద్దగా."

"నీకు అక్షరాలు రావు గదా అక్కా."

"నీకు వస్తాయి గదా. దానికే గదా బడికి పంపించినా."

అట్లా చెప్పడం మొదలుపెట్టింది. నేను కాగితం మీద రాసుకున్నాను. అక్క మాటల్లోనే చెబుతాను, నా మాటలకు ఈ ఊళ్ళో ఇక విలువ లేదు.

"నువ్వు ఎనిమిదిలో ఉన్నెప్పుడు తెలుగు అయ్యవారు ఊరు మార్చుకుని పాయె. సెక్షను మూసేసిరి. నలుగురే మిగిలింటిరి. మీకు తమిళం రాయను రాదు, ఆరులో కూర్చోండి అని హెడ్‌మాస్టరు అనె. ముగ్గురు పోయి కూర్చున్న్యారు. చిన్నపిల్లోళ్ళ పక్కన నేను కూర్చోను అని నువ్వంటివి. అయినా పొద్దున్నే చొక్కా యేసుకుని, సద్ది కట్టించుకుని పోతాంటివి. బడికే పోతాండావు అనుకుంటి. మూడు దినాలు రైలెక్కి తిరిగినావు. నాలుగో దినం కడంబత్తూరులో టీటీ పట్టుకున్న్యాడు. అప్పుడు నాకు ఏడో నెల. అరక్కోణం పోయి, బండి మారి, నిన్ను పిలుచుకొస్తి. స్టేషన్లో నువ్వు జిలేబి తింటాండావు, ఆ టీటీ కొనిచ్చినాడంట."

"అక్కా, జిలేబి ఎందుకు..."

"తిన్న్యావా లేదా? రాయి. మర్నాడు హెడ్‌మాస్టరు ఇంటికి పోతి. మగ్గంలో ఉన్న్యే చీర దించి ఆయన పెండ్లాం చేతిలో పెడితి. ఆరు వద్దయ్యా, వానికి రోసం జాస్తి, ఏడులో అయినా కూర్చోబెట్టు అంటి. సరే అన్న్యాడు. ఇంటికొచ్చి నీకు జెప్తి. నువ్వు గోడ తట్టు తిరిగి పండుకున్న్యావు. ఆర్నెల్లు అరుగు మీద ఏ పనీ జెయ్యకుండా సుమ్మా కూర్చున్న్యావు. అప్పుడు గదా నేను నీ చేతికి కండె ఇచ్చింది. పుస్తకం లాక్కోలేదు. నీ చేతిలో ఏమీ లేదు."

నాడె ఆగలేదు. జ్యోతిక వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"సాయంత్రం పెట్టి ఇంటాను" అంది అక్క. "ఉంటే సరి. లేదంటే ఈ గడప ఎక్కొద్దు."

అంగట్లో చీరల మధ్య కూర్చుని మధ్యాహ్నానికి రాసేశాను. మొదటిసారి నా పద్ధతిలో రాశాను. 'ఆ చీకటి రోజుల్లో మా సోదరి గుండె ఎంత విలవిలలాడిందో' అని మొదలుపెట్టాను. జిలేబి తీసేశాను. హెడ్‌మాస్టరు చీరను ఉంచాను, ఏడో తరగతికి ఆయన ఒప్పుకున్న మాట తీసేశాను. గోడ వైపు తిరిగి పడుకోవడం ఎక్కడా కనబడనివ్వలేదు. ఈ లెక్కన బడి నన్ను తీసుకోలేదు, అక్కా ఏమీ చెయ్యలేకపోయింది, ఇద్దరమూ పాపం. అందరికీ మర్యాదగా ఉంటుంది. పాఠకులూ పోరు. ముకేశ్‌కు ఫోను చేసి చెబితే, "సూపర్ సార్, దాన్నే మెయింటెయిన్ చెయ్యండి. మీ బ్రాండే కష్టం సార్. అది పోతే మీరు ఎవురు?" అన్నాడు.

మూడు గంటలకు వేశాను. మూడున్నరకు ఫోను మోగింది. నంబరు జ్యోతికది, గొంతు అక్కది.

"ఎవురురా ఈయమ్మ? నా గుండె ఎప్పుడు విలవిలలాడింది?"

"అది రాసే పద్ధతి అక్కా."

"సరే, పద్ధతి. నువ్వు గోడ తట్టు తిరిగి పండుకున్న్యేది యాడ పాయె? రెండుసార్లు పెట్టించి ఇనినా. లేదు."

అక్షరం రాని మనిషి నా రాతను దిద్దుతోంది. ఆరేళ్ళలో ఇంత శ్రద్ధగా నన్ను ఎవరూ చదవలేదు. గుంటూరు తహసీల్దారు కూడా.

కొలతకు తెచ్చిన గజం బద్ద చేతిలో పట్టుకుని అంగడి వెనక్కి వెళ్ళాను. "అక్కా, అది పెడితే ముందు రాసినదంతా అబద్ధమైపోతాది. వచ్చినోళ్ళంతా నేను పాపమని వచ్చినారు. ఇంగ ఒక్కడు గూడా రాడు. ఆరేండ్లక్కా. పదకొండు మంది." చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాను. వెనక చీర చూసుకుంటున్న పుత్తూరు ఆవిడ తిరిగి చూసింది.

అటువైపు మగ్గం చప్పుడు వినిపిస్తోంది. "నేను నలభై ఏండ్లుగా నేస్తాండా" అంది అక్క. "కట్టుకున్న్యోళ్ళు ఒక్కరు గూడా నేసింది ఎవురని అడగలే. నువ్వు ఆరేండ్లకే ఏడస్తాండావు. అంగట్లో ఏడవద్దు, చీర మీద మచ్చ పడతాది. ఆరు గంటలకు మళ్ళా ఇంటా." పెట్టేసింది.

ఆ రెండు గంటలూ నేనేమీ గొప్పగా ఆలోచించలేదు. నా కంటికి నాలుగు వేల రెండు వందల పద్నాలుగే కనబడుతోంది. ఆ పక్కన అక్క ఇంటి గడప. ఊళ్ళో గుణ ఇంటికి పోలేను. వీధి సంఘం వాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు. సొంత ఇంట్లో పులుసు లేదు. రెండేళ్ళ పోస్టులు విన్నారు, ఇంకా నాలుగేళ్ళవి మిగిలి ఉన్నాయి. ఆ గడప కూడా పోతే నేను ఎక్కడానికి ఊళ్ళో ఇంకో గడప లేదు. మంచివాణ్ణయిపోయి చేశానని ఎవరూ అనుకోవద్దు.

కాగితం తీసి, అక్క చెప్పింది చెప్పినట్టు, జాంగ్రీల్లో పేర్చాను. జిలేబితో సహా. 'తట్టు'ను 'వైపు' చెయ్యలేదు. 'పండుకున్న్యావు' దగ్గర ఫోను ఎర్రగీత గీసి, తప్పేమో అంది. తప్పే, కానీ దాని పని కాదు. హెడ్డింగుకు ఏమీ తోచక 'నీ చేతిలో ఏమీ లేదు' అని అక్క మాటే పెట్టాను. పేరాలు గోడల్లా ఉన్నాయి. ఫోటో లేదు. చివర ఏమీ అడగలేదు. వారంలో వెయ్యకూడని రోజు, వెయ్యకూడని వేళ. ముకేశ్ చెప్పిన పద్ధతి ఒక్కటీ పాటించకుండా ఆరుకు పది నిమిషాల ముందు వేసి, మూడు గంటలకు వేసింది తీసేసి, ఫోను చీరల కింద దాచేశాను.

మర్నాడు ఆరు వేలు. ఆదివారానికి పదకొండు వేలు.

నిజంగా ఆంధ్రా నుంచి వచ్చారు ఈసారి. తెలుగు కామెంట్లు. 'ఈమె మాట్లాడుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది' అని ఒకరు. 'జిలేబి దగ్గర ఆగిపోయాను' అని ఇంకొకరు. గుంటూరు తహసీల్దారు ఆరేళ్ళలో మొదటిసారి రెండు వాక్యాలకు మించి రాశాడు. 'మీ సోదరిగారి రచన అద్భుతం. మీరు ఇన్నాళ్ళూ వారికి అడ్డుపడకుండా ఉండి ఉంటే బాగుండేది. తరువాతి రచన ఎప్పుడు?' ఆ రోజే జవాబివ్వాలి కదా, ఇచ్చాను. ధన్యవాదాలు అని. ముకేశ్ ఫోను చేసి, వచ్చే తరగతికి అక్కను తీసుకురాగలరా సార్ అని అడిగాడు. నన్ను రమ్మనలేదు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. గడప ఎక్కాను, ఎవరూ ఏమీ అనలేదు. తంగమ్మ అప్పటికే అక్కడ ఉంది, ఇద్దరూ మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. నన్ను చూసి తంగమ్మ పక్కకు జరిగింది. కూర్చోమని కాదు, చేట అడ్డంగా ఉందని. అయినా కూర్చున్నాను.

"పదకొండు వేల మంది వచ్చినారంట అక్కా."

"ఎవురు వాళ్ళంతా?"

"చదివేవాళ్ళు."

"నిన్నా, నన్నా?"

అబద్ధం చెబుదామంటే జ్యోతిక ఫోను అక్కడే ఉంది. "నిన్నే" అన్నాను.

"ఓహో" అంది అక్క. ఇంకో మిరపకాయ తీసుకుంది. "అయితే ఒకటి అడగతా. అది మొదులుపెట్టేటప్పుడు ఆయమ్మ ఏందో అంటాది. 'రచన, దామోదరం' అని. రచన అంటే ఏంది?"

"అంటే... ఇది ఎవురు చేసినారో జెప్పేది."

"చెప్పింది ఎవురు?"

"నువ్వే."

"మరి నీ పేరు జెప్తాండాదే?"

తంగమ్మ తొడిమలు తీయడం ఆపింది. నేను ఫోను తీశాను. ఆరేళ్ళుగా ప్రతి పోస్టు మీదా దానంతట అదే పడే పేరు అది. దాన్ని మార్చే చోటు ఎక్కడుందో నాకు తెలియదు, ఎప్పుడూ అవసరం రాలేదు. వెతికి పట్టుకునేసరికి పావుగంట పట్టింది. నా పేరు తుడిచాను. తుడిచిన చోట గీత ఒకటి కొట్టుకుంటూ నిలబడింది. టైపు చేశాను. ఒత్తు పడలేదు, మళ్ళీ చేశాను.

చెవి బొమ్మ నొక్కి ఫోనును చేట పక్కన పెట్టాను.

"నీ చేతిలో ఏమీ లేదు. రచన. కుప్పమ్మ" అంది స్టేషను గొంతు.

అక్క చేతిలో మిరపకాయ అట్లాగే ఉండిపోయింది. "మళ్ళా పెట్టు" అంది.

పెట్టాను. పేరు దాకా విని, "చాలు" అని చెయ్యెత్తింది. కొంచెం ఆగి మళ్ళీ పెట్టమంది. పెట్టాను. నాలుగోసారి మిరపకాయ చేతిని కొంగుకు తుడుచుకుని తనే నొక్కింది.

లెక్కలో ఆ నాలుగూ పాఠకులుగానే పడ్డాయి.